సందేశపు పెట్టెకు తాళము

ఇల్లు విడిచి పోవునప్పుడు తాళము వేయని గృహస్థు లేడు. అయితే ఆ వీధిలోని ఇండ్లన్నిటికిని ఒక్కటే తాళపుచెవి సరిపోవునెడల ఆ తాళముల వలన ప్రయోజనమేమి? సెల్‌ఫోనులోని వాయిస్ మెయిల్ విషయమున ఇట్టి వింతయే చాలకాలము జరిగినది. దాని కారణమును, నివారణోపాయమును ఈ పాఠములో విచారింతము.

వాయిస్ మెయిల్ అనగా నేమి? మనము ఫోను ఎత్తనప్పుడు పిలిచినవారు తమ మాటను పలికి విడిచిపెట్టుదురు. ఆ మాట సాధారణముగా టెలిఫోను కంపెనీవారి కంప్యూటరులో నిలువయుండును. తన ఫోను దగ్గరలేనివాడు వేఱొక ఫోనునుండి దానిని వినుటకు వీలుగా కంపెనీవారు ఒక పిన్ నంబరును ఏర్పఱచిరి. ఈ సౌకర్యమే దొంగకు ద్వారమైనది.

ఎట్లనగా, ఇంగ్లండులో కంపెనీవారు మొదట ఇచ్చిన పిన్ నంబరును పెక్కుమంది మార్చుకొనలేదు. అట్టి నంబరొకటి కలదనియే అనేకులెఱుగరు. 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' అను వారపత్రికకై పనిచేయువారు ఆ సులభమైన నంబరులను నొక్కి పరుల సందేశములను వినిరి. నంబరు మార్చుకొన్నవారి విషయములో, తాము కంపెనీ ఉద్యోగులమని నటించి, దానిని మరల తొలి నంబరునకు మార్పించిన సందర్భములును కలవు. ఇందుకై 2007 జనవరిలో ఆ పత్రికా విలేఖరి యొకనికి 4 నెలలును, అతనికి తోడ్పడిన ప్రైవేటు పరిశోధకునికి 6 నెలలును కారాగారశిక్ష విధింపబడెను.

అంతటితో కథ ముగియలేదు. 2002లో 13 ఏండ్ల బాలిక యొకతె అదృశ్యమై, తరువాత హతురాలైనట్లు తెలియవచ్చెను. తల్లిదండ్రులు ఆమె జాడకై తల్లడిల్లుచున్న దినములలోనే ఆమె ఫోనునకు వచ్చిన సందేశములను ఈ పత్రికవారు విన్నట్లు 2011 జూలైలో బయల్పడెను. ప్రజల ఆగ్రహమునకు మేర లేకపోయెను. 1843లో పుట్టిన ఆ పత్రిక 2011 జూలై 10వ తేదీ సంచికతో మూతపడెను.

మన దేశమున వాయిస్ మెయిల్ వాడువారు కొద్దిమందియే గదా, మనకేమి అని కొందఱనవచ్చును. కాని మోసపు తీరు ఒక్కటియే. 2018లో ఇజ్రాయెల్ ప్రభుత్వపు సైబర్ రక్షణశాఖ ఒక హెచ్చరిక చేసెను. దొంగలు రాత్రివేళ వాట్సాప్ ధ్రువీకరణ సంఖ్య ఫోను పిలుపుగా వచ్చునట్లు చేయుదురు; నిద్రించువారు ఎత్తరు; ఆ సంఖ్య వాయిస్ మెయిల్‌లో పడును; తొలి పిన్ నొక్కి దొంగలు దానిని గ్రహింతురు. మన దేశములో *401* తో మొదలగు నంబరును నొక్కుమని చెప్పి, మనకు రావలసిన పిలుపులను తమకు మళ్లించుకొనువారు బయలుదేరిరి. అందుచేత ఇట్లు నంబరు నొక్కి పిలుపులు మళ్లించు పద్ధతిని 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయుడని కేంద్ర టెలికాంశాఖ కంపెనీలను ఆదేశించెను.

ఇప్పుడు కొంచెము గణితము. 4 అంకెల పిన్ నంబరులు 10,000 మాత్రమే. యంత్రము 5 సెకండ్లకొకటి చొప్పున పరీక్షించినచో సుమారు 14 గంటలలో అన్నియు ముగియును. 6 అంకెలైనచో 10,00,000 నంబరులగును. వానికి సుమారు 58 దినములు పట్టును. మూడు తప్పులు కాగానే ద్వారము మూసికొనునట్లు కంపెనీవారు ఏర్పాటు చేసినచో అంతటి యంత్రమును నిష్ప్రయోజనమగును.

కావున కంపెనీవారి విధులు మూడు: అందఱికిని ఒకే తొలి పిన్ ఇయ్యకుండుట, ఖాతాదారుడు తానే పిన్ ఏర్పఱచుకొనువఱకు ఇతర ఫోనులనుండి పెట్టెను తెఱవనీయకుండుట, పిన్ మార్చుమని యడిగినవాడు నిజమైన ఖాతాదారుడో కాడో బాగుగా విచారించుట. మన విధులును మూడు: 1234, పుట్టిన సంవత్సరము మొదలగువానిని పిన్‌గా పెట్టుకొనకుండుట, దానిని ఎవరడిగినను చెప్పకుండుట, వాయిస్ మెయిల్ అక్కఱలేనిచో దానిని తీసివేయించుట.

బాలబాలికలారా, నాకు రహస్యములేమియు లేవు, నాకీ జాగ్రత్త యెందుకని తలంపకుడు. పెట్టె మనదైనను అందులోని మాట మనది కాదు. తల్లియో, మిత్రుడో మనలను నమ్మి పలికినది. ఆ నమ్మకమును కాపాడుటకే ఈ తాళము. నేటి సాయంకాలము మీ ఇంట పెద్దవారి ఫోనులకు ఎట్టి తాళమున్నదో వారితో కూడ కూర్చుండి చూడుడు.