లంక తోటల్లో యూరియా: మొక్కకు అందితే దిగుబడి, అందకపోతే ఆవిరి

వరద తీసి, లంకల్లో ఒండ్రు ఆరి, దుక్కులు మొదలయ్యే కాలమిది. ఆత్రేయపురం నుంచి కపిలేశ్వరపురం దాకా గోదావరి పాయల పక్క నేలల్లో వంగ, పచ్చిమిర్చి, బెండ, బీర, క్యాలీఫ్లవర్ వరుసగా పడతాయి. నాటిన నెల్లాళ్లకు మొదటి పైపాటుకు యూరియా బస్తా విప్పుతారు. విప్పేముందు ఒక లెక్క చూసుకోమన్నదే ఈ నెల సలహా. మొక్క తీసుకోని నత్రజని మట్టిలో ఊరికే కూర్చోదు. కొంత నీటి వెంట కిందికి దిగిపోతుంది, కొంత గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తుంది. రెండూ రైతు డబ్బు పెట్టి కొన్న ఎరువే. అందుకే కూరగాయల తోటలో వాతావరణాన్ని కాపాడుకోవడం, పెట్టుబడిని కాపాడుకోవడం రెండు వేరు పనులు కావు.

మట్టిలోని సూక్ష్మజీవులు యూరియాను ముందు అమ్మోనియాగానూ, తర్వాత నైట్రేట్‌గానూ మారుస్తాయి. తడి ఎక్కువై మట్టికి గాలి ఆడనప్పుడు ఆ నైట్రేట్ నుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, పోతున్నట్టు కంటికి తెలియదు. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువగా వేడెక్కిస్తుందని అంతర్జాతీయ వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెబుతోంది. నీరు నిలిచి ఉండే వరి చేలో మీథేన్ ఎక్కువ, నైట్రస్ ఆక్సైడ్ తక్కువ. కూరగాయల బోదెలు మాత్రం ఒకరోజు తడుస్తాయి, నాలుగు రోజులు ఆరతాయి, మళ్లీ తడుస్తాయి. ఎరువు వేసి పారగట్టిన ప్రతిసారీ ఈ వాయువు ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. విస్తీర్ణం తక్కువైనా కూరగాయల సాగును పట్టించుకోవలసింది ఇందుకే.

45 కిలోల బస్తాలో ఉండే నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. ఐపీసీసీ వాడే సాధారణ లెక్క ప్రకారం వేసిన నత్రజనిలో సుమారు 1 శాతం నేల నుంచి నేరుగా నైట్రస్ ఆక్సైడ్‌గా వెళ్లిపోతుంది. ఆక్సిజన్ కూడా కలిసిన ఆ వాయువు బరువుగా చూస్తే బస్తాకు ఇది దాదాపు 325 గ్రాములు. చూడటానికి కొంచెమే, కానీ 273తో గుణిస్తే 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. సుమారు 38 లీటర్ల పెట్రోలు కాల్చినంత అన్నమాట. సహజవాయువుతో యూరియా తయారుచేసేటప్పుడు వెలువడేది దీనికి అదనం. వంగకు సిఫారసు ఎకరాకు 40 కిలోల నత్రజని. యూరియాగా అయితే 87 కిలోలు, రెండు బస్తాలు నిండవు. అక్కడ నాలుగు బస్తాలు పడితే పైన పడిన రెండింటి వల్ల కాయ పెరగదు, నష్టమే పెరుగుతుంది.

బస్తా 266 రూపాయల 50 పైసలే కదా, ఒకటి ఎక్కువైతే ఏం పోతుందనే మాట తరచూ వింటాం. పోయేది బస్తా ఖరీదు ఒక్కటే కాదు. నత్రజని మించిన తోట నల్లగా నిగనిగలాడుతూ ఏపుగా కనిపిస్తుంది గానీ, ఆ లేత ఆకుకే పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక చేరతాయి. అప్పుడు మందులకు పెట్టే ఖర్చు ముందు బస్తా ఖరీదు చిన్నదైపోతుంది. పైగా లంక ఇసుక నేలల్లో మిగిలిన నైట్రేట్ సులువుగా దిగిపోయి, ఫిల్టర్ పాయింట్లతో తోడుకునే నీటిలోనే కలుస్తుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ ఉండరాదన్నది మన దేశ ప్రమాణం.

తగ్గిస్తే దిగుబడి పడిపోదా అన్న భయం న్యాయమైనదే. 2021లో శ్రీలంక రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించి, పంటలు దెబ్బతిని, ఆ ఏడాదే వెనక్కి తగ్గింది. ఇక్కడ చెబుతున్నది మానేయమని కాదు, సిఫారసుకు మించినదాన్ని ఆపమని. 2015 నుంచి మనకు వచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటోంది కదా అంటే, ఆ పూత నత్రజని మారే వేగాన్ని తగ్గిస్తుందే తప్ప, మొక్క తాగలేనంత వేస్తే మిగిలినదాన్ని ఆపలేదు. తోటకు వేసే పశువుల గెత్తం నుంచీ వాయువులు రావా అంటే, వస్తాయి. అందుకే బాగా మాగినదే వేయాలి. టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని దానిలోనూ ఉంటుంది గనుక, ఆ మేరకు యూరియా తగ్గించుకోవాలి. కార్లూ కర్మాగారాలూ వదిలే పొగ ముందు మా రెండెకరాలెంత అన్న ప్రశ్న ఇంకొకటి. బొగ్గు, పెట్రోలు భారం రైతుది కాదు, నిజమే. కానీ మనుషుల వల్ల వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌లో సగానికి పైగా వ్యవసాయానిదే. దాన్ని పొలంలో తప్ప ఇంకెక్కడా ఆపలేం.

ఈ నెల చేయవలసింది ఇదీ. రైతు సేవా కేంద్రం ద్వారా మట్టి పరీక్ష చేయించండి. ఈ ఏడాది కొత్త ఒండ్రు పడితే పాత ఫలితం మీద ఆధారపడకండి. వంగకు నత్రజనిని నాటిన 30, 60, 75వ రోజుల్లో మూడు సమభాగాలుగా ఇవ్వండి. ఇసుక పాలు ఎక్కువైతే అదే మోతాదును ఇంకా చిన్న భాగాలు చేయండి. డ్రిప్ ఉన్నవారు వారానికి కొంచెం చొప్పున నీటితోనే పంపవచ్చు. ఎకరాకు 11 వేల మొక్కలుంటే ఒక్కో విడతలో మొక్కకు పడే యూరియా రెండున్నర గ్రాములు, టీ చెంచా కూడా నిండదు. బోదె మీద చల్లకుండా మొదలుకు నాలుగంగుళాల దూరంలో చిన్న గుంట తీసి, గింజలు వేసి, మట్టి కప్పి, పలుచగా తడి ఇవ్వండి. చల్లిన చేలో ముక్కుకు తగిలే ఘాటు అమ్మోనియాది, అంటే బస్తాలోని నత్రజనే. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. వాన సూచన ఉంటే పైపాటు ఆపండి.

ఈ లెక్క మీద నమ్మకం కుదరకపోతే తోటలో నాలుగు సాళ్లు విడిగా ఉంచి, వాటికి మాత్రం కొలిచి వేయండి. మిగతా సాళ్లకు మీ అలవాటు ప్రకారమే వేయండి. కోతకోతకూ రెండు వైపుల కాయనూ కాటా మీద పెట్టి, పక్కనే మందుల ఖర్చు రాసుకోండి. ఆఖరి కోత నాటికి ఎన్ని బస్తాలు అనవసరమో మీ పుస్తకమే చెబుతుంది.