తలుపు లోపలి తుప్పు

1967 నుండి 1972 వరకు వెలువడిన షెవ్రోలె సి-10 పికప్ ట్రక్కులను అమెరికాలో ఎందరో నేటికీ అపురూపంగా కాపాడుకొంటున్నారు. ఇంజను మరమ్మతుకు ఎంత ఖర్చుకైనా వెనుదీయని యజమాని, కిటికీ అద్దానికి ఆనుకొని ఉండే రబ్బరు పట్టీని మాత్రం తరచు ఉపేక్షిస్తాడు. తలుపునకు ఆయువుపట్టు అదే.

ఎండకూ, గాలిలోని ఓజోన్ వాయువుకూ రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది. అప్పుడు అద్దంపై జారే వాననీరు అధికంగా తలుపు లోనికి దిగుతుంది. కొంత నీరు దిగడం సహజమే. అది పోవడానికి తలుపు అడుగున రంధ్రాలుంటాయి. దుమ్ము చేరి అవి పూడితే నీరు నిలిచి, రేకు లోపలినుండే తుప్పు పడుతుంది. పైరంగు మెరుస్తూనే ఉంటుంది కనుక ఆ సంగతి చాలాకాలం బయటపడదు.

పట్టీ మార్చదలచినవారు ముందుగా తలుపు లోపలి పిడులను, పలకను విప్పి, అద్దాన్ని జాగ్రత్తగా వెలికి తీయాలి. పాత పట్టీని తొలగించి, అంచునగల తుప్పును గీకి, ప్రైమరు పూసి, అది పూర్తిగా ఆరినపిదపనే కొత్తదానిని అమర్చాలి. తొందరపాటు కలిగేది ఇక్కడే. తుప్పుపై కొత్త రబ్బరు బిగించడం పుండుపై పట్టుబట్ట కప్పడం వంటిది! పట్టీని సాగదీసి అమర్చరాదు. సాగినది క్రమంగా ముడుచుకొని మూలలవద్ద సందు విడుస్తుంది. ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరు ఓజోనును బాగా తట్టుకొంటుంది, కాని పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.

పని ముగిశాక అద్దం మూసి, గొట్టంతో నీరు చల్లి, లోనికి దిగిన కొద్దిపాటి నీరు అడుగు రంధ్రాలగుండా బయటికి వస్తున్నదో లేదో పరిశీలించాలి.