ప్రశ్న అడగడం నుంచి పేపర్ రాయడం దాకా

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ మొదలైంది. మన దగ్గర ఏడాది వయసు పిల్లలు రెండు వేల మందిని, ఎనిమిదేళ్లవాళ్లు వెయ్యి మందిని ఎంచుకున్నారు. అందుకు తీసుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. మొదట అడిగినవి బరువు, ఎత్తు, బడి సంగతులు. పిల్లలు ఎదిగేకొద్దీ ప్రశ్నలూ మారాయి. పెళ్లి ఏ వయసులో అయింది, మొదటి కాన్పు ఎప్పుడు అని అడగాల్సి వచ్చింది. బాల్యవివాహాలపై, చిన్న వయసు తల్లులపై ఈ అధ్యయనం నుంచి ఎన్నో నివేదికలు వచ్చాయి. ఇక్కడి భాగస్వాములు హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ (సెస్), తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం.

బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రిది ఇంకో దారి. ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థే ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్). అక్కడ వైద్యం పొందిన హెచ్‌ఐవీ రోగుల రికార్డులే ఆధారంగా 'విన్సెంట్ ఫెర్రర్ హెచ్‌ఐవీ కోహార్ట్ స్టడీ' నడిచింది. స్పెయిన్ నుంచి వచ్చిన వైద్యులు, ఇక్కడి వైద్యులు కలిసి అంతర్జాతీయ జర్నల్స్‌లో వ్యాసాలు రాశారు. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా ఆపడం, భర్త పోయిన మహిళల పరిస్థితి లాంటివి వాటిలో కనిపిస్తాయి.

లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య పరిశోధన అనగానే డాక్టర్లకే పని అనుకుంటారు. నిజానికి ఇలాంటి ప్రాజెక్టులో ఎక్కువ మంది డాక్టర్లు కారు. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, కౌన్సెలర్, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, డేటా మేనేజర్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు, ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లు అందరూ కావాలి. డిగ్రీ తర్వాత చాలామందికి మొదటి మెట్టు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ ఉద్యోగమే.

దాన్ని తక్కువగా చూడకండి. ట్యాబ్ పట్టుకుని పల్లెకు వెళ్లారనుకోండి. ఇంటి కోడలితో మాట్లాడాలి. అత్తగారు వచ్చి పక్కనే కూర్చుంటుంది. "నా కోడలే కదా, నా ముందే అడుగు" అంటుంది. కుటుంబ నియంత్రణ గురించి ఆమె ముందు అడిగితే వచ్చేది అత్తగారి జవాబే. అనుభవం ఉన్న ఇన్వెస్టిగేటర్లు ఇద్దరుగా వెళ్తారు. ఒకరు అత్తగారిని శనక్కాయ పంట గురించి, పింఛను గురించి మాటల్లో పెడితే, రెండో మనిషి కోడలితో పెరట్లో కూర్చుంటుంది. చివరి నెలసరి తేదీ అడిగితే చాలామందికి గుర్తుండదు. 'ఉగాదికి ముందా, తర్వాతా' అంటే చెబుతారు. పంట పోయిన ఏడాది కుటుంబాలు బెంగళూరుకు వలస పోతాయి. ఏళ్ల తరబడి సాగే అధ్యయనంలో వాళ్లను వెతికి పట్టుకోవడమే సగం పని. రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం, తండాల్లో లంబాడీ భాష వచ్చినవాళ్లకు గిరాకీ ఉంటుంది. విదేశీ భాగస్వాములు ఎన్ని నిధులు తెచ్చినా ఈ నేర్పు ఇక్కడివాళ్ల దగ్గరే దొరుకుతుంది.

అక్కడే ఆగిపోకూడదు. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) రెండేళ్ల కోర్సు. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, తిరువనంతపురంలో శ్రీచిత్రకు చెందిన అచ్యుత మీనన్ సెంటర్ ఉన్నాయి. జనాభా అధ్యయనాలకు ముంబైలోని ఐఐపీఎస్, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ. పునరుత్పత్తి ఆరోగ్యంలోనే పరిశోధనకు ముంబైలో ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌ఐఆర్‌ఆర్‌సీహెచ్ ఉంది. డేటా విశ్లేషణకు స్టాటా లేదా ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. ఆర్‌కు డబ్బు కట్టక్కర్లేదు.

ఇక నైతిక నియమాలు. వీటిని శిక్షణలో ఒక పూట వినేసి వదిలేయకూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో అమెరికా సంస్థ పాథ్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాపై ప్రాజెక్టు మొదలుపెట్టాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. టీకా వేసుకున్న కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువని విచారణ కమిటీ తేల్చినా, సమ్మతి పత్రాల దగ్గర లోపాలు బయటపడ్డాయి. చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదే కావచ్చు, సంతకం మాత్రం తల్లిదండ్రులది కావాలి. ఆ కాగితం ముందు పెట్టేది రేపు మీరే.

విదేశీ భాగస్వామ్యం ఉన్న ఆరోగ్య పరిశోధనకు ఎథిక్స్ కమిటీతో పాటు కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి ఉండాలి. రోగి సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధిస్తుంది. 18 ఏళ్లలోపు అమ్మాయి గర్భవతి అని ఇంటర్వ్యూలో తెలిస్తే? పోక్సో చట్టం సమాచారం ఇవ్వమంటుంది. మీరేమో గోప్యత హామీ ఇచ్చారు. ఈ చిక్కుకు జవాబు ముందే రాసిపెట్టని ప్రాజెక్టులో చేరేముందు ఆలోచించుకోండి.

ఇవి ప్రాజెక్టు ఉన్నన్నాళ్ల ఉద్యోగాలు. విదేశీ నిధులు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి మీద ఆధారపడతాయి కాబట్టి అది ఆగితే జీతమూ ఆగుతుంది. అందుకే ఇంటర్వ్యూలో జీతంతో పాటు రెండు సంగతులు అడగండి. డేటా విశ్లేషణ శిక్షణ ఇస్తారా? ప్రశ్నావళి రూపకల్పనలో, విశ్లేషణలో పనిచేసి, రాతలోనూ పాలుపంచుకుంటే వ్యాస రచయితల్లో నా పేరు ఉంటుందా?