శిథిలములే రంగస్థలము

బాలలారా! నాటకమునకు తెరలు, రంగుల పటములు ఉండితీరవలెనా? 1962 నుండి 1977 వరకు ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయమును నడపిన ఇబ్రహీం అల్కాజీ 1963లో ‘అంధాయుగ్’ నాటకమును ఫిరోజ్ షా కోట్లా శిథిలములలో ఆడించెను. ధర్మవీర్ భారతి రచించిన ఆ నాటకము కురుక్షేత్ర యుద్ధాంతమును గూర్చినది. దానికి కూలిన గోడలకంటె తగిన రంగమేది?

ఆయన పాత ఛాయాచిత్రములను గూడ సేకరించెను. వానిలో 1856లో గ్రీన్లా అను సైనికాధికారి మనకు పొరుగైన హంపీలో తీసినవి అమూల్యములు. మైనము పట్టించిన కాగితమే వాని నెగటివు. వెలుగు చాలసేపు సోకవలెను గనుక కదలు మనుష్యులు పటమున నిలువరు, రాళ్లు నిలుచును. విఠలాలయపు రాతిరథముపై ఆనాడు ఇటుకల శిఖరముండెను. తరువాత దానిని తొలగించిరి. హంపీకి పోయినవారికి అది కానరాదు. గ్రీన్లా పటమున నున్నది.