పెట్టెలో రాసింది ఎప్పుడు చదవాలి?

ప్రశ్న: పైథాన్‌లో టీకింటర్‌తో చిన్న విండో చేశాను. పేరు రాయడానికి ఎంట్రీ పెట్టి, కింది వరుసలోనే గెట్‌తో ఆ పేరు తీసుకుని ప్రింట్ చేయమన్నాను. విండో వస్తోంది, పేరు రాయగలుగుతున్నాను. ప్రింట్ అయ్యేది మాత్రం ఖాళీ. ఎందుకండీ?
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

సమాధానం: గెట్ సరిగ్గానే పనిచేస్తోందమ్మా. అది చదివే సమయానికి పెట్టెలో ఇంకా ఏమీ లేదు. ఇన్‌పుట్ ఫంక్షన్‌తో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన వాళ్లలో చాలామందికి ఈ చిక్కు వస్తుంది. ఇన్‌పుట్ దగ్గర ప్రోగ్రామ్ ఆగుతుంది, మీరు ఎంటర్ నొక్కేదాకా కదలదు. ఎంట్రీ దగ్గర అలా ఆగదు. పెట్టె తయారుచేసి, చదివి, ప్రింట్ చేసి, ఆ తర్వాత గానీ మెయిన్‌లూప్‌లోకి వెళ్లదు. మీరు కొట్టే అక్షరాలు పెట్టెలోకి చేరేది ఆ లూప్ నడుస్తున్నప్పుడే.

అందుకని గెట్‌ను ఒక ఫంక్షన్‌లో పెట్టండి. ఒక బటన్ చేర్చి, దాని కమాండ్‌కు ఆ ఫంక్షన్ పేరు ఇవ్వండి. పేరు పక్కన బ్రాకెట్లు మాత్రం వద్దు. పెడితే బటన్ తయారవుతున్నప్పుడే ఫంక్షన్ నడిచిపోతుంది, మళ్లీ ఖాళీయే వస్తుంది. ఎంటర్ కీతోనూ పని జరగాలంటే అదే ఫంక్షన్‌ను ఎంట్రీకి బైండ్ చేయండి. అప్పుడు టీకింటర్ దానికి ఒక ఈవెంట్‌ను పంపుతుంది, తీసుకోవడానికి ఫంక్షన్‌లో చోటుండాలి.

ఇంకో మాట. ఎంట్రీ తయారుచేసిన వరుసలోనే చివర ప్యాక్ తగిలిస్తే వేరియబుల్‌లో మిగిలేది నన్, ఎంట్రీ కాదు. ఇక గెట్ అనగానే ఎర్రర్. ప్యాక్‌ను విడి వరుసలో రాయండి.

ప్రశ్న: మా కిరాణా కొట్టు బిల్లుకని రెండు పెట్టెలు పెట్టాను. 12, 5 రాసి కలిపితే 125 వస్తోంది!
– ఒక వ్యాపారి, తెనాలి

సమాధానం: ఎంట్రీ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే, అంకెలు రాసినా సరే. రెండు స్ట్రింగులను కలిపితే పక్కపక్కన చేరతాయి. ఇంట్‌తో సంఖ్యగా మార్చుకున్నాక కూడండి. పైసలుంటే డెసిమల్ వాడండి. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు, డబ్బు లెక్కకు అది పనికిరాదు. తెలుగు అంకెల్లో ౧౨ అని రాసినా పైథాన్ ఇంట్ దాన్ని 12గానే తీసుకుంటుంది, నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. కానీ ‘12 కిలోలు’ అని రాస్తే వాల్యూ ఎరర్ వస్తుంది. దాన్ని ట్రై, ఎక్సెప్ట్‌తో పట్టుకుని, ఏ పెట్టెలో ఏం తప్పో పక్కనే చూపించండి. రాసిందంతా చెరిపేసి మళ్లీ కొట్టించకండి. కౌంటర్ దగ్గర మనుషులు నిలబడి ఉన్నప్పుడు అది చాలా కష్టం.

ప్రశ్న: చిరునామా కోసం టెక్స్ట్ పెట్టె వాడాను. గెట్ అంటే ఎర్రర్ వస్తోంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: టెక్స్ట్‌లో చాలా వరుసలుంటాయి కాబట్టి ఎక్కడినుంచి చదవాలో చెప్పాలి. మొదలు ‘1.0’, అంటే ఒకటో వరుస, సున్నా స్థానం. వరుసలు ఒకటితో, అక్షరాలు సున్నాతో మొదలవుతాయి. చివర ‘ఎండ్’ అంటే, టెక్స్ట్ తనంతట తాను చేర్చుకునే కొత్త వరుస గుర్తు కూడా వచ్చేస్తుంది. దాని బదులు ‘ఎండ్ మైనస్ వన్ సీ’ ఇవ్వండి, చిరునామా మీరు రాసినట్టే వస్తుంది.