ఫ్యాక్టరీ వచ్చేదాకా ఆగకండి: మూడు జిల్లాల్లో ఉక్కు పని

బయ్యారంలో ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందన్న మాట వింటూ పెరిగిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలు చేతపట్టుకుని పని వెతుక్కుంటున్నారు. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టడం సాధ్యమో కాదో ఆరు నెలల్లో తేల్చాలని 2014 విభజన చట్టం 13వ షెడ్యూలు సెయిల్ సంస్థకు అప్పగించింది. 2016లో జిల్లాలు మారి బయ్యారం మహబూబాబాద్‌లోకి వచ్చింది. ఖనిజంలో ఇనుము పాలు తక్కువ, గిట్టుబాటు కాదని కేంద్రం చెబుతూ వచ్చింది. ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. ఆ హామీని అడగడం మన హక్కు, అడగాల్సిందే. కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడు దాన్ని నమ్ముకుని ఊళ్లో కూర్చుంటే పని నేర్చుకునే వయసు దాటిపోతుంది. ఉక్కును కరిగించి తీసే చోట కంటే దాన్ని కోసి, వంచి, అతికి, బిగించే చోట్లే ఎక్కువ మందికి పని దొరుకుతుంది. అలాంటి చోట్లు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇప్పటికే చాలా ఉన్నాయి.

భూపాలపల్లి సంగతే తీసుకోండి. సింగరేణి కేటీకే గనుల్లో కప్పు కూలకుండా ఆపేది ఉక్కు రూఫ్ బోల్టులు, గర్డర్లు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. వాటి బాయిలర్ గొట్టాలు వేడికి, బూడిద రాపిడికి అరిగిపోతుంటాయి. ఓవర్‌హాలింగ్ వచ్చిన ప్రతిసారీ వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు కావాలి. మేడిగడ్డ బ్యారేజీ ఒక్కదానికే 85 రేడియల్ గేట్లు బిగించారు. అంత పెద్దవి కాకపోయినా ప్రతి చెరువు తూముకూ ఒక షట్టరు, దాన్ని ఎత్తి దించే మరరాడ్డు ఉంటాయి. తుప్పు పట్టి బిగుసుకుపోయిన తూము షట్టర్లు ఈ జిల్లాల్లో ఎన్నో కనిపిస్తాయి. వాటిని బాగుచేయగల మనిషి మండలానికి ఒకరున్నా రైతుకు మేలే.

మహబూబాబాద్‌కు రైలు పట్టాలే ప్రాణం. 2024 సెప్టెంబరు 1న వరదకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. వందల మంది రాత్రింబవళ్లు పనిచేసి కొద్ది రోజుల్లోనే ఆ దారి మళ్లీ తెరిచారు. పక్కనే కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది. జనగామ నుంచి కాజీపేటకు నేరుగా రైలుంది. అలాంటి చోట్లకు వెళ్లాలనుకునేవారు ఇప్పుడే ట్రేడ్ సర్టిఫికెట్ సంపాదించుకోవాలి, నోటిఫికేషన్ పడ్డాక కోర్సులో చేరితే ఆ అవకాశం దక్కదు.

ఇక కొలిమి. ట్రాక్టరు వచ్చాక కమ్మరి పని పోయిందంటారు. నేను ఒప్పుకోను. కొడవలి, గడ్డపార, గొడ్డలి, నాగలి కర్రు ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి, కేజ్‌వీల్స్, రోటవేటర్ బ్లేడ్లు అదనంగా వచ్చి చేరాయి. అయితే కాక పట్టడం తెలిసిన చేతికే గిరాకీ. పాత లారీ కమాన్ పట్టీతో కొట్టిన కొడవలిని ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోని దశ దాటగానే నూనెలో ముంచాలి. ఈ రకం ఉక్కును నీళ్లలో ముంచితే పగుళ్లు రావచ్చు. నూనెలోంచి తీసినప్పుడు అంచు గట్టిగానే ఉంటుంది, కానీ గాజులా పెళుసు. దాన్ని సానమీద తెల్లగా మెరిసేదాకా రుద్ది, వెన్ను వైపు నుంచి నెమ్మదిగా వేడి చేయండి. ఆ మెరుపు మీద ముందు లేత పసుపు పాకుతుంది, ఆపైన గోధుమరంగు, ఊదా, చివరికి నీలం. కొడవలికి ముదురు పసుపు దగ్గర ఆపితే పదును నిలుస్తుంది. దెబ్బ తినే గొడ్డలికి ఊదా దాకా రానిస్తే అంచు పెచ్చులు లేవదు. ఈ రంగులు చదవగలిగినవాడి కొడవలికి బజారు కొడవలి కంటే పది రూపాయలు ఎక్కువిచ్చినా రైతుకు నష్టం లేదు.

కమ్మరి పనివారికి పీఎం విశ్వకర్మ పథకం ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి, సుత్తెలు, పనిముట్ల తయారీ మరొకటి. ప్రాథమిక శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్ల కోసం 15,000 రూపాయల వోచరు ఇస్తారు. తర్వాత 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష, అది సరిగ్గా కట్టినవారికి రెండో విడత 2 లక్షల దాకా అప్పు దొరుకుతుంది. కుటుంబంలో ఒకరికే అర్హత. దరఖాస్తు సీఎస్‌సీ కేంద్రంలో చేయాలి, గ్రామ పంచాయతీ స్థాయిలో పరిశీలన ఉంటుంది. ఆ అప్పుతో పవర్ హ్యామర్, గ్రైండర్ లాంటివి కొంటే పని పెరుగుతుంది, పెళ్లి ఖర్చుకు వాడితే వాయిదాలే మిగులుతాయి. ఇంకో జాగ్రత్త: దాయిగా వాడుకోవడానికి పాత పట్టా ముక్కలు తెచ్చేవాళ్లు బిల్లు లేకుండా ముట్టుకోవద్దు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం.

ఇప్పుడు అన్ని ఊళ్లలో కొత్తగా పెరుగుతున్న పని బహిరంగ స్థలాల్లో కనిపించే ఉక్కు: స్వాగత తోరణాలు, జెండా స్తంభాలు, విగ్రహాల లోపలి చట్రాలు, గుడి మెట్ల రెయిలింగులు, ఆఫీసుల ముందు స్టీలు అక్షరాలు. హైదరాబాద్‌లో 2023 జూన్ 22న ప్రారంభమైన అమరవీరుల స్మారకం ప్రమిద ఆకారమంతా స్టెయిన్‌లెస్ స్టీలే. అదే ఏడాది ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహానికి పైన కంచు కనిపించినా లోపల నిలబెట్టింది ఉక్కు. అంత పెద్దవి మన షెడ్లకు రావు. కానీ అవి చూసిన సర్పంచులు, ఆలయ కమిటీలు తమ ఊరికీ అలాంటి మెరుపు కావాలంటున్నారు.

ఆ మెరుపు నిలవాలంటే వెల్డింగ్ ఒక్కటే వస్తే చాలదు. స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, ధర తక్కువ, వానకు ఎండకు తట్టుకోవడమూ తక్కువే. మామూలుగా రెండింటికీ అయస్కాంతం గట్టిగా అంటుకోదు కాబట్టి అయస్కాంతం పెట్టి తేల్చుకునే అలవాటు మానండి. టెస్టింగ్ లిక్విడ్‌తో చూడండి, లేదా సరుకుతో పాటు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. సరైన 304 వాడినా మూడు నెలలకు రెయిలింగు మీద గోధుమరంగు చుక్కలు వచ్చాయంటే తప్పు చాలాసార్లు షెడ్డులోనే ఉంటుంది. ఇనుప గేటు కోసిన గ్రైండింగ్ చక్రంతోనే స్టెయిన్‌లెస్‌ను రుద్దుతారు, లేదా పక్కన ఇనుము కోస్తుంటే ఆ రవ్వలు దీని మీద పడతాయి. తుప్పు పట్టేది ఆ ఇనుప పొడే. చక్రాలు, బ్రష్షులు విడిగా పెట్టుకోండి. అతుకు దగ్గర నల్లబడిన చోట పికిలింగ్ పేస్టు పూసి, నీళ్లతో బాగా కడగండి. ఈ రెండు పనులు చేసే షెడ్డుకు రెండో ఆర్డరు వెతుక్కుంటూ వస్తుంది.

తెలుగు అక్షరాలు కోయడం వేరే విద్య. రేకులోంచి అక్షరాన్ని కోసి తీసేస్తే సున్నా నడిమి ముక్క ఊడి కింద పడుతుంది, దానికి సన్నటి వంతెనలు వదలాలి. గోడమీద ఉబ్బెత్తుగా నిలిపే అక్షరాల్లో ఒత్తులు విడి ముక్కలు, ప్రతి ఒత్తుకూ సొంత పిన్ను పెట్టాలి. డిజైన్ ఫైలును కర్వ్స్‌లోకి మార్చకుండా లేజర్ కటింగ్‌కు పంపితే అక్కడి కంప్యూటర్లో ఫాంటు లేక అక్షరాలు విరిగిపోతాయి. ఊరి పేరు తప్పు పడిన బోర్డు ఏళ్ల తరబడి అలాగే నిలబడుతుంది. కోతకు ముందు కాగితం మీద అసలు సైజులో తీసి, చదువుకున్న ఇద్దరికి చూపించి, కమిటీ సంతకం తీసుకోండి.

జనగామ జిల్లా యువతకు ఇక్కడ ఒక అదనపు బలం ఉంది. పెంబర్తి ఇత్తడి రేకు పనికి కాకతీయుల నాటి వారసత్వం, 2010లో వచ్చిన జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నాయి. రేకును లక్క పరుపు మీద పరిచి బొమ్మ తేల్చే ఆ చేతులు, ఉక్కు చట్రం కట్టే షెడ్డు కలిసి పనిచేస్తే తోరణాలు, ధ్వజస్తంభ తొడుగులు, జ్ఞాపికలు మన దగ్గరే పూర్తవుతాయి. ఒక్క విషయం చూసుకోవాలి. ఇత్తడి నేరుగా ఇనుముకు తాకి వానకు తడిస్తే ఇనుము త్వరగా తినేస్తుంది. మధ్యలో రబ్బరు లేదా ప్లాస్టిక్ వాషర్లు వేయండి.

లెక్క రానివాడు ఎంత మంచి పనివాడైనా నష్టపోతాడు. గుండ్రటి కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తేలుతుంది. 12 ఎంఎం కడ్డీ మీటరుకు సుమారు 0.89 కిలోలు. రేకైతే మందాన్ని 7.85తో గుణిస్తే చదరపు మీటరు బరువు. 4×8 అడుగుల 2 ఎంఎం ఇనుప రేకు దాదాపు 46.7 కిలోలు తూగాలి. తక్కువ తూగితే రేకు పలచన. గేజీ మాట వదిలి కొటేషన్‌లో మిల్లీమీటర్లు రాయండి, జేబులో వెర్నియర్ ఉంచుకోండి.

చదువు సంగతి. ఐటీఐ వెల్డర్, షీట్ మెటల్ వర్కర్ కోర్సులు ఏడాది, ఎనిమిదో తరగతి చాలు. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ రెండేళ్లు, పదో తరగతి కావాలి. ఏ ఉద్యోగానికి ఏ ట్రేడు తీసుకుంటారో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, అసిస్టెంట్ లోకో పైలట్ జాబితాలో ఫిట్టర్ ఉంది. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది, దగ్గర్లో ఉంటే అక్కడే చేరండి. కోర్సయ్యాక సింగరేణి వంటి చోట అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. బాయిలర్ పనిలో మంచి కూలి రావాలంటే ఐబీఆర్ వెల్డర్ పరీక్ష పాసవ్వాలి. గల్ఫ్ వెళ్లాలనుకుంటే ముందు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించండి, ఊళ్లో ఏజెంటుకు లక్షలు పోయకండి.

ఒంటి సంగతి చివర్లో రాస్తున్నానని తేలిగ్గా తీసుకోవద్దు. జింకు పూత ఉన్న జీఐ పైపు వెల్డింగ్ చేసిన రాత్రి చలిజ్వరం వస్తే అది జింకు పొగ వల్ల. పాలు తాగితే, బెల్లం తింటే ఆగదు. అతికే చోట జింకు పూతను ముందే తీసేయాలి, గాలి ఆడేచోట పని చేయాలి, మాస్కు వేసుకోవాలి. స్టెయిన్‌లెస్ పొగ ఇంకా ప్రమాదం, ఏళ్ల తరబడి పీల్చితే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. తోరణమో జెండా స్తంభమో ఎత్తేటప్పుడు పైన 11 కేవీ లైను ఉంటే ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా ఇనుప పైపు నిలబెట్టకండి. కమిటీవాళ్లు ముహూర్తం దాటుతోందని తొందరపెట్టినా సరే, లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపేదాకా పైపు నేలమీదే ఉంచండి.