ఒంటరి దీవికి ఏ పుస్తకాలు?



మనిషి మొహం కనిపించని ఒక దీవిలో మిమ్మల్ని దింపి ఓడ వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. కొన్ని పుస్తకాలు మాత్రం వెంట తీసుకెళ్లవచ్చు. ఏవి తీసుకెళతారు?

ఈ ప్రశ్నను మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. యువజన సమావేశాలలో కాలక్షేపానికి అడుగుతుంటారు. ఇంగ్లండులో బి.బి.సి. రేడియో 1942లో ఇదే ఊహ మీద ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. అది ఇప్పటికీ నడుస్తున్నది. వచ్చిన అతిథి తాను దీవిలో చిక్కుకున్నట్టు భావించుకొని ఎనిమిది సంగీత రికార్డులు, ఒక పుస్తకం, సరదాకు ఒక వస్తువు ఎంచుకోవాలి. బైబులు, షేక్స్‌పియర్ రచనలు ముందే అక్కడ ఉన్నట్టు లెక్క. వాటిని అడగనక్కరలేదు.

ఆ మధ్య మా విచారణలోని యువకులను ఈ ప్రశ్న అడిగాను. ఒక అబ్బాయి తడుముకోకుండా, "ఫోను తీసుకెళ్తాను ఫాదర్, అందులో వెయ్యి పుస్తకాలు పడతాయి" అన్నాడు. పక్కనున్న అమ్మాయి "ఛార్జింగు ఎక్కడ పెడతావురా?" అన్నది. అందరూ నవ్వారు. తరువాత వాళ్లు నన్ను అడిగారు: "మీరైతే ఏం తీసుకెళ్తారు ఫాదర్?" నాకు వెంటనే జవాబు రాలేదు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో అయితే వెంటనే చెప్పేవాడిని: ప్లేటో సంభాషణలు, పునీత అగస్టీను గారి 'ఒప్పుకోలు', పునీత తోమా అక్వినాసు గారి 'సుమ్మా'. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ జవాబు దీవికి వెళ్లేవాడి జవాబు కాదు. ఎదుట ఉన్నవాళ్లు మెచ్చుకోవాలని చెప్పే జవాబు. దీవిలో మెచ్చుకునేవారు ఎవరూ ఉండరు. ఈ ప్రశ్నలోని అసలు కిటుకు అదే.

కనుక ఈ వారం ఈ ప్రశ్నను ఆటగా కాక పాఠంగా తీసుకుందాం. నిజంగా దీవిలో చిక్కినవారి దగ్గర ఏ పుస్తకాలు ఉన్నాయి? అవి వారికి ఏ విధంగా ఉపయోగపడ్డాయి?

సెల్కిర్క్ పెట్టె

అలెగ్జాండర్ సెల్కిర్క్ స్కాట్లాండు దేశపు నావికుడు, కోపిష్టి. 1704లో పసిఫిక్ మహాసముద్రంలో, చిలీ తీరానికి దూరంగా ఉన్న హువాన్ ఫెర్నాండెజ్ దీవులలో ఒకదాని దగ్గర అతని ఓడ ఆగింది. ఓడ శిథిలమైపోయిందనీ, దానిలో ప్రయాణించడం కంటే దీవిలో ఉండడమే మేలనీ కప్తానుతో తగవు పెట్టుకున్నాడు. కప్తాను అతనిని నిజంగానే అక్కడ దింపేశాడు. చివరి నిమిషంలో సెల్కిర్క్ మనసు మార్చుకున్నా, కప్తాను ఎక్కించుకోలేదు. ఓడ విషయంలో మాత్రం అతని మాటే నిజమైంది. ఆ తరువాత అది మునిగిపోయింది.

అతని వెంట ఉన్నవి ఇవి: పరుపు, బట్టలు, ఒక తుపాకి, కొంత మందుగుండు, పొగాకు, గొడ్డలి, కత్తి, వంటపాత్ర, బైబులు, మరికొన్ని పుస్తకాలు, నౌకాయానానికి పనికివచ్చే గణిత పరికరాలు. నాలుగు సంవత్సరాల నాలుగు నెలల తరువాత, 1709లో వుడ్స్ రోజర్స్ అనే కప్తాను అతనిని రక్షించి ఈ వివరాలను గ్రంథస్థం చేశాడు.

మొదటి ఎనిమిది నెలలు అతనికి దిగులుతో, భయంతో గడిచాయట. తరువాత చదవడం, కీర్తనలు పాడుకోవడం, ప్రార్థించడం ఒక క్రమంలో పెట్టుకున్నాడు. మాట మరచిపోకుండా ఉండేందుకు బిగ్గరగా చదువుకునేవాడని, తరువాత అతనితో మాట్లాడిన రిచర్డ్ స్టీల్ అనే రచయిత వ్రాశాడు. నౌకాయాన శాస్త్రాన్ని కూడా వదలలేదు. రక్షించిన ఓడలోనే అతనికి మేటు ఉద్యోగం దొరికింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి: అతనికి ప్రాణానికి ఊరటనిచ్చిన పుస్తకమూ కావలసి వచ్చింది, పని నేర్పే పుస్తకమూ కావలసి వచ్చింది. రెండు: ఎంత బిగ్గరగా చదువుకున్నా, దొరికిన నాటికి అతని మాటలు సగం సగమే బయటికి వచ్చేవని రోజర్స్ చెబుతున్నాడు. పుస్తకం మనిషికి తోడే గాని, మనిషికి బదులు కాదు.

పెట్టె అడుగున ఉన్న పుస్తకం

సెల్కిర్క్ అనుభవమే డేనియల్ డీఫో 1719లో ప్రచురించిన 'రాబిన్సన్ క్రూసో' నవలకు ప్రేరణ అని చాలామంది భావిస్తారు. సెల్కిర్క్ ఉన్న దీవికి 1966లో చిలీ ప్రభుత్వం రాబిన్సన్ క్రూసో దీవి అనే పేరే పెట్టింది. నవలలో క్రూసో పగిలిన ఓడనుండి తెచ్చుకున్న సామానులో మూడు బైబుళ్లు, కొన్ని పోర్చుగీసు పుస్తకాలు, వాటి మధ్య మన కథోలిక జపపుస్తకాలు కూడా రెండు మూడు ఉంటాయి. అన్నీ జాగ్రత్త చేస్తాడు. అంతే, నెలల తరబడి వాటి జోలికి పోడు. చలిజ్వరం వచ్చి, మందుగా వాడుకుందామని పొగాకు కోసం పెట్టె తెరిచినప్పుడు బైబులు చేతికి తగులుతుంది. అప్పుడు చదువుతాడు.

మన ఇళ్ల సంగతి ఇంతకంటే వేరుగా ఉందా? అల్మారాలో ఉన్న పుస్తకాన్ని మనం "మా దగ్గర ఉంది" అంటాము. ఉండడం వేరు, చదవడం వేరు. రేడియో కార్యక్రమంలో అతిథికి అడగకుండానే ఇచ్చే రెండు పుస్తకాల పరిస్థితి కూడా ఇదే కావచ్చు. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ ఎంచుకోరు. ఎంచుకోనిదాన్ని తెరవడానికి జ్వరం రావాలి.

తొమ్మిది వందల గ్రాములు

పుస్తకాలను ఎంచుకోవడం అంటే మిగిలినవాటిని వదులుకోవడమే. ఇది బాగా తెలిసినవాడు ఎర్నెస్ట్ షాకిల్టన్. దక్షిణ ధ్రువ ప్రాంతంలో అతని 'ఎండ్యూరెన్స్' ఓడను మంచు నలిపివేసింది. 1915 అక్టోబరులో ఓడను వదిలిపెట్టి మంచు మీదికి దిగిన 28 మందిలో ఒక్కొక్కరు సొంత సామాను రెండు పౌనులకు, అంటే సుమారు 900 గ్రాములకు, మించకుండా ఉంచుకోవాలని ఆజ్ఞాపించాడు. మాదిరిగా తానే ముందు తన బంగారు వస్తువులను మంచు మీద పడవేశాడు. ఇంగ్లండు రాణి అలెగ్జాండ్రా బహూకరించిన పెద్ద బైబులును కూడా అక్కడే పెట్టాడు. అయితే అందులోనుండి మూడు కాగితాలు చించి దగ్గర ఉంచుకున్నాడు: రాణి చేవ్రాలున్న కాగితం, 23వ కీర్తన ఉన్న కాగితం, యోబు గ్రంథంలో మంచును గురించి చెప్పే కాగితం. అతను వదిలేసిన ఆ బైబులును ఒక నావికుడు ఎవరికీ చెప్పకుండా ఏరుకొని దాచుకున్నాడు.

1916 ఏప్రిల్‌లో వారు ఎలిఫెంట్ దీవికి చేరారు. సహాయం తేవడానికి షాకిల్టన్ ఐదుగురితో చిన్న పడవలో వెళ్లగా, మిగిలిన 22 మంది తిరగవేసిన రెండు పడవల కింద నాలుగు నెలలకు పైగా కాపురముండి, సీలు మాంసం, పెంగ్విన్ మాంసం తిని బ్రతికారు. అక్కడ వారికి ఇష్టమైన పుస్తకం ఏదో తెలుసా? వారిలో ఒకరైన మార్స్టన్ అనే చిత్రకారుని దగ్గర మిగిలిన చవక వంటల పుస్తకం! రాత్రివేళ అందులోనుండి ఒక వంటకం చదివేవారు. దానిలో ఏది ఎక్కువ వేయాలి, ఏది తగ్గించాలి అని మిగిలినవారు గంభీరంగా చర్చించేవారు. ఆకలి తీరలేదు గాని, ఇల్లు గుర్తుకు వచ్చింది. ఆగస్టు 30న చిలీ నుండి ఓడ వచ్చేవరకు ఒక్కరూ చనిపోలేదు.

నవ్వవద్దు. 22 మంది కలిసి విని, కలిసి మాట్లాడుకునే పుస్తకం ఆ రాత్రులలో ఏ మహాగ్రంథానికీ తీసిపోదు. మంచి పుస్తకం అంటే గొప్ప పేరున్న పుస్తకం అనే మన లెక్కను ఆ పడవల కింద ఒకసారి సరిచూసుకోవాలి.

పుస్తకమే లేని దీవి

దీవి సముద్రంలోనే ఉండనక్కరలేదు. సైగాను సహాయక అగ్రపీఠాధిపతులైన ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ తువాన్ గారిని 1975లో వియత్నాం ప్రభుత్వం నిర్బంధించింది. 13 సంవత్సరాలు బందీగా ఉన్నారు. అందులో 9 సంవత్సరాలు ఏకాంత నిర్బంధం. ఏ పుస్తకం తీసుకెళ్తారని ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన దొరికిన చిన్న చిన్న కాగితం ముక్కలను పోగుచేసి, చిన్న పుస్తకంగా చేసి, తనకు జ్ఞాపకమున్న వాక్యాలను పరిశుద్ధ గ్రంథం నుండి 300కు పైగా వ్రాసుకున్నారు. అదే ఆయన బైబులు. 1988లో విడుదలయ్యారు. 2001లో కార్డినలు అయ్యారు. మరుసటి సంవత్సరం కన్నుమూశారు.

ఆయన ఆ పుస్తకాన్ని జైలులో ఎంచుకోలేదు. జైలుకు వెళ్లకముందే, చాలా సంవత్సరాల పాటు, రోజూ కొంత కొంతగా ఎంచుకొని మనసులో పెట్టుకున్నారు. దీవికి సామాను కట్టుకోవడం దీవికి వెళ్లే రోజున జరగదు.

ఈ మాట నేను సులువుగా వ్రాయడం లేదు. గురుపట్టం పొంది మొదటి విచారణకు వెళ్లినప్పుడు ఒక పెద్ద ట్రంకుపెట్టె నిండా తత్వశాస్త్ర గ్రంథాలు మోయించుకొని వెళ్లాను. దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఒక వానకాలం రాత్రి, వాగు అవతలి పల్లెలో ఒక పెద్దమ్మకు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వాలని కబురు వచ్చింది. మా ఉపదేశి గారు, నేను వాగు దాటుతుండగా నా సంచి నీళ్లలో పడింది. అభ్యంగన తైలం జేబులో ఉంది గనుక దక్కింది. జపపుస్తకం ముద్దయిపోయింది. లాంతరు వెలుగులో సంస్కారం ఏదో విధంగా పూర్తి చేశాను. అప్పుడు ఆమె, "కాపరి కీర్తన చెప్పండి సామీ" అని అడిగింది. మొదలుపెట్టాను. రెండు వాక్యాల తరువాత ఆగిపోయాను. ఎంత తడుముకున్నా ముందుకు పోలేదు. తత్వశాస్త్ర పట్టభద్రుణ్ణి, పుస్తకం లేక మూగవాడినైపోయాను.

ఐదవ తరగతి వరకే చదివి, కళ్లలో పొరలు వచ్చి చాలాకాలంగా పుస్తకం ముట్టని ఉపదేశి గారు నేను ఆగిన చోటనుండి అందుకొని, రాగంతో చివరిదాకా చెప్పారు. ఆమె పెదవులు ఆయనతో పాటు కదిలాయి. తెల్లవారకముందే ఆమె కన్నుమూసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఆ సంగతి ఎత్తలేదు. "పుస్తకం ఆరబెట్టుకోండి ఫాదర్ గారూ, లేకపోతే బూజు పట్టేస్తది" అన్నారు, అంతే. ట్రంకుపెట్టెలోని పుస్తకాలకు మరుసటి సంవత్సరం చెదలు పట్టాయి. వాటిలో సగం నేను తెరవనివే.

తత్వశాస్త్రం పనికిరాదని నేను అనడం లేదు. దానివలననే ప్రశ్నను సరిగా అడగడం నేర్చుకున్నాను. పెట్టెలో ఉన్నదాన్ని నాదని అనుకోవడమే నా తప్పు.

ఎలా ఎంచుకోవాలి?

పై ఉదాహరణలనుండి నాలుగు సూత్రాలు తీసుకోవచ్చు.

1. పది సార్లు చదవగలిగినది ఎంచుకోండి. కథ ముగింపు తెలిసిన తరువాత కూడా తెరవాలనిపించే పుస్తకమే దీవిలో నిలుస్తుంది. ఇప్పటికే రెండుసార్లు చదివిన పుస్తకాలు మీకు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి.

2. చేతికి పని చెప్పేది ఒకటి ఉండాలి. సెల్కిర్క్‌కు నౌకాయానం. మీకు ప్రథమ చికిత్స కావచ్చు, వ్యవసాయం కావచ్చు.

3. బిగ్గరగా చదవదగినది ఒకటి ఉండాలి. వేమన పద్యమైనా, కీర్తన అయినా, తెలుగు నోటితో పలికినప్పుడే దాని రుచి తెలుస్తుంది. చదువురాని మన అమ్మమ్మలు పద్యాలను, పాటలను అలాగే మోసుకు వచ్చారు.

4. కొంత కంఠస్థం చేయండి. వాగులో పడనిది, చెదలు తిననిది, ఛార్జింగు అయిపోనిది అదొక్కటే.

మాకెందుకు ఈ దీవి గొడవ అని అనుకోకండి. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు కోనసీమ లంక గ్రామాలు నిజమైన దీవులే అయ్యాయి. ఆసుపత్రి మంచం ఒక దీవి. బ్రతుకుతెరువుకు కువైటు వెళ్లి పరాయి ఇంట్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ఆ ఇంటి వెనుక గది ఒక దీవి. విమానం ఎక్కేముందు పెట్టె తూకం వేసి, ఆవకాయ ఉంచాలా, పుస్తకం ఉంచాలా అని వాళ్లు నిజంగానే ఎంచుకుంటారు. ముసలితనం, చూపు తగ్గడం మనందరి కోసం కాచుకొని ఉన్న దీవి.

ఈ వారం చేయవలసిన పని

ఒక కాగితం మీద ఐదు పుస్తకాల పేర్లు వ్రాయండి. ఇతరులు మెచ్చుకోవాలని వ్రాసిన పేర్లు కొట్టివేయండి. మిగిలినవాటిని కాటాలో పెట్టి, 900 గ్రాములు దాటితే మళ్లీ తగ్గించండి. మిగిలిన పుస్తకంలోనుండి ఒక పుట ఈ రాత్రి భోజనాల తరువాత ఇంట్లో అందరూ వినేలా చదవండి. వంటల పుస్తకమైనా ఫరవాలేదు. అందులో మీకు నచ్చిన పది వాక్యాలు వచ్చే ఆదివారానికి కంఠస్థం చేయండి. పిల్లలకు అప్పజెప్పండి, తప్పులు వాళ్లు దిద్దుతారు.

ఆ యువకులకు నేను చివరికి చెప్పిన జవాబు కూడా వ్రాస్తాను. కీర్తనల గ్రంథం, ఇంటి వైద్యం పుస్తకం, అగస్టీను గారి 'ఒప్పుకోలు'. మొదటిదానిలో ఇప్పటికి 31 కీర్తనలు నోటికి వచ్చు. 23వది అన్నిటికంటే ముందు నేర్చుకున్నాను.